పచ్చదారం సీసా

ఈమధ్య నా కళ్ళు చూపించుకోవడానికి వెళితే, మా మనవరాలి వయసున్న డాక్టరమ్మ ఒక మాట అడిగింది. "మా దగ్గరికి షుగరున్నవాళ్ళు ఒకసారి వస్తారండీ, చూపు బాగానే ఉంది కదాని మళ్ళీ రారు. ఎన్నిసార్లు చెప్పినా అంతే. మీ రోజుల్లోనూ ఇంతేనా?" అని. ఇంతేనమ్మా అన్నాను. కాకపోతే మా ఊళ్ళో వాళ్ళు రాకపోవడానికున్న కారణాల్లో నేనూ ఒకణ్ణి అని చెప్పబోయేసరికి, తరవాతి పేరు పిలిచారు. చెప్పకుండా మిగిలిపోయిన ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను. ఆవిడ కోసమూ, ఆవిడలాగే విసుక్కుంటున్న మీ అందరి కోసమూ.

స్వరాజ్యం వచ్చిన తరవాతి ఏడు అది. నూజివీడుకి కాస్త ఎడంగా, ముసునూరు పోయే దారిలో ఒక చిన్న ధర్మాసుపత్రి ఉండేది. ఇప్పుడది లేదు, అడిగినా ఎవరూ చెప్పలేరు. రెండు గదులు, ఒక వరండా, ఒక డాక్టరుగారు, ఒక కాంపౌండరు. ఆ కాంపౌండర్ని నేను. నాకప్పుడు ఇరవయ్యారేళ్ళు. మందులు కలపడంలో నా అంతవాడు జిల్లాలో లేడని గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఇప్పటికీ పెద్దగా తగ్గలేదనుకోండి.

మా డాక్టరుగారు మాటల్లో మహా పిసినారి. ఆయన అన్నగారు చక్కెర జబ్బుతో చూపు పోగొట్టుకున్నారు. చూపు పోయేదాకా ఆయనకి కళ్ళు చూపించుకోవాలన్న ఆలోచనే రాలేదట. అందుకని మా డాక్టరుగారు ఒక పట్టుదల పెట్టుకున్నారు. మా దగ్గర మందు పుచ్చుకునే చక్కెర జబ్బు మనిషి ప్రతివాడూ, కళ్ళు ఎంత బాగా కనపడుతున్నా సరే, ఏడాదికి రెండుసార్లు కంటి డాక్టరుకి చూపించుకు తీరాలి. ఆ రోజుల్లో ఇది వినడానికే వింతగా ఉండేది. పన్ను నొప్పి లేనివాణ్ణి పళ్ళ డాక్టరు దగ్గరికి రమ్మన్నట్టు.

కంటి డాక్టరుగారు నెలకో శనివారం బెజవాడ నుంచి బొగ్గు మంటతో నడిచే బస్సులో వచ్చేవారు. దిగగానే ముఖం మీద నుసి కడుక్కుని, నేనిచ్చిన మజ్జిగ తాగి, సంచీలోంచి చిన్న దీపం ఉన్న పనిముట్టు తీసేవారు. దానితో కంటి పాపలోంచి లోపలి గోడని చూస్తారు. లోపల కనపడాలంటే పాప పెద్దదవ్వాలి, దానికి ముందుగా చుక్కలు వెయ్యాలి. ఆ చుక్కలు వెయ్యడం నా పని.

ఒంట్లో చక్కెర చూడటం కూడా నా పనే. పరీక్షగొట్టంలో నీలం మందు పోసి, మూత్రం కొన్ని చుక్కలు కలిపి, స్పిరిటు దీపం మీద కాచేవాణ్ణి. చక్కెర లేకపోతే నీలంగానే ఉంటుంది. ఉన్నకొద్దీ ఆకుపచ్చ, పసుపు, చివరికి ఇటుక ఎరుపు. మావాళ్ళకి ఇది చెప్పడం చాలా తేలిక. కాయ మాగినట్టే గొట్టం కూడా మాగుతుంది, ఇక్కడ మాత్రం పచ్చిగా ఉంటేనే మంచిది అనేవాణ్ణి. నవ్వేవాళ్ళు, గుర్తు పెట్టుకునేవాళ్ళు. రేషను రోజులవి. బజార్లో చక్కెరకి కరువుగానీ వీళ్ళ ఒంట్లో మాత్రం కొదవ లేదని నేనూ ఒక ఛలోక్తి విసిరేవాణ్ణి.

ఒక రిజిస్టరు పెట్టాం. పేరు, ఊరు, గొట్టం రంగు, కళ్ళు చూపించుకున్న రోజు. ఆఖరి గడి 'రాని కారణం'. మొదటి శనివారం ఇరవైమందికి పైగా రావాల్సి ఉండగా నలుగురు వచ్చారు. మిగిలినవాళ్ళందరికీ ఆ గడిలో 'అశ్రద్ధ' అని రాశాను. రెండో నెల కూడా అదే రాశాను. మూడో నెల మొదటి పేరుకి మాత్రం రాసి, కిందంతా వరసగా గీతలు గీసుకుంటూ పోయాను.

కారణాలు వాళ్ళు చెప్పలేదని కాదు. చెప్పారు, నేను వినలేదు. ఉంగుటూరు నుంచి నడిచొచ్చిన ఒకావిడ, "శనివారం నాట్లండీ, నేను లేకపోతే ముఠాలో నా చోటు ఇంకోళ్ళకి పోద్ది," అంది. జి. కొండూరు బడిపంతులుగారు, "కళ్ళ డాక్టరు బెంచీ మీద నన్ను పిల్లలు చూస్తే ఇంకేమన్నా ఉందా? మేష్టారికి బోర్డు కనపడదంటారు," అన్నారు. చుక్క వేస్తే రెండు రోజులు దారి కనపడదటగా అని ఇంకొకరు. అన్నింటికీ తలూపాను. అన్నింటికీ అశ్రద్ధ అనే రాశాను.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను.

మా వైపు మామిడి తోటల్లో కాపుని చెట్టు మీద ఉండగానే షావుకార్లు కొనేస్తారు. పిందె గట్టిపడే వేళకి వచ్చి, ఈ తోటలో ఎంత కాయ దిగుతుందో అంచనా కట్టించుకుంటారు. అంచనా కట్టేవాడు చెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, తలెత్తి కొమ్మల్లోకి చూసి, ఇన్ని కాయలని చెబుతాడు. ఆ మాట మీదే బేరం. అలా చెప్పేవాళ్ళలో ముసునూరు మనిషి ఒకాయన ఉండేవాడు. నలభై దాటిన వయసు, సన్నగా పొడుగ్గా ఉండేవాడు. తోటలో కోతకూలీగా మొదలుపెట్టి, కేవలం కళ్ళ చలవతో షావుకార్లు బండి పంపి పిలిపించుకునే స్థాయికి వచ్చాడు. కోతలయ్యాక లెక్కపెడితే ఆయన మాటకీ కాయకీ ఒక గంప తేడా కూడా వచ్చేది కాదని చెప్పుకునేవాళ్ళు.

కాలి మీద పుండు మానకపోతే మా దగ్గరికి వచ్చాడు. గొట్టం కాస్తే ఇటుక రంగు. జబ్బు పేరు చెబితే బెదరలేదు. రసాలు తినొద్దంటే మాత్రం ముఖం వేలాడేశాడు. "రుచి చూడకండా తోట ఎట్టా కొనిపిస్తానండీ?" అన్నాడు. చీకి ఉమ్మెయ్యమన్నాను. "నూజివీడు రసాన్ని ఉమ్మెయ్యమన్న మొదటి మనిషి మీరేనండీ," అని దణ్ణం పెట్టాడు.

కళ్ళు చూపించుకోమంటే మాత్రం అంత పొడుగు మనిషీ బిగుసుకుపోయాడు. "నా కళ్ళకేవండీ? చింతచెట్టు మీద చీమని చూపించమంటారా?" అని లేచిపోయాడు.

రెండు రోజుల తరవాత ఆయన భార్య ఒక్కతే వచ్చింది. కాయలని గడ్డి పరిచిన గంపల్లో సర్దే పని ఆవిడది. చేతుల నిండా మామిడి సొన కాల్చిన పాత మచ్చలు. వరండాలో ఎవరూ లేకుండా చూసి చెప్పింది.

"ఆయన చెప్పడు బాబూ. నెల రోజుల్నుంచి నన్ను తోటకి తీసుకెళ్తన్నాడు. నేను ముందు నడుస్తా ఈ కొమ్మ బరువు, ఆ కొమ్మ పల్చన అని మెల్లగా చెప్తన్నా. ఒక రోజు బాగానే కనపడుద్దంట, ఒక రోజు మంచు కమ్మినట్టు ఉంటదంట. కళ్ళాసుపత్రికి పోయాడని షావుకారు చెవినబడితే ఇక మమ్మల్ని పిలిచేవాళ్ళు ఉండరు. మళ్ళీ గంపలు మొయ్యాల్సిందే. ఎవరికీ తెలీకండా చూపించే దారుందా?"

ఉందన్నాను. నాకు తెలియని దారి ఉంటుందా! శనివారం పొద్దున్నే, అందరికంటే ముందు, వెనక వాకిలి గుండా రమ్మన్నాను. ఆవిడ ఇంకొక్క మాట అడిగింది. "మంగళవారం పెద్ద తోట అంచనా ఉంది బాబూ. ఆ తోటమీదే మాకు ఈ ఏడు గడవాలి. చుక్కల మసక అప్పటికి పోద్దా?"

"ఆదివారం సాయంత్రానికల్లా మామూలే. నా పూచీ," అన్నాను.

పూచీ పడటం నాకు అంత తేలిక.

శనివారం ఇద్దరూ వచ్చారు. అలమరా తీస్తే, రోజూ వాడే చుక్కల సీసా అడుగంటి ఉంది. కొత్త సీసా కోసం బెజవాడకి కాగితం రాయాల్సింది నేనే. మరిచిపోయాను. డాక్టరుగారితో చెబితే ఆ రోజు పరీక్షలు ఆగిపోతాయి, నా పరువూ పోతుంది. పక్కనే అట్రోపిన్ ఉంది. కళ్ళు ఎర్రబడి వాచినవాళ్ళకి వేసే మందు. అదీ పాపని పెద్దది చేస్తుంది. దాని ప్రభావం కొంచెం ఎక్కువసేపు ఉంటుందని చదివాను. ఎక్కువసేపంటే ఒక పూట అటూ ఇటూ అనుకున్నాను. ఆ మందు వేయించుకునేవాళ్ళకి కళ్ళు అప్పటికే కనపడుతుండేవి కావు కాబట్టి, మసక ఎన్నాళ్ళుందో నాకెవరూ ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

రెండు కళ్ళలోనూ వేశాను. ఆయన కిమ్మనకుండా తల వెనక్కి వాల్చి వేయించుకున్నాడు.

కంటి డాక్టరుగారు చాలాసేపు చూశారు. చూసి, స్టూలు దగ్గరికి జరుపుకుని నెమ్మదిగా చెప్పారు. "మంచు కమ్మినట్టు వచ్చిపోయేది చక్కెర ఎక్కువ తక్కువల వల్ల. అది అదుపులోకి వస్తే సర్దుకుంటుంది. ఇప్పుడు కళ్ళజోడు కొనకు, పనికిరాదు. కానీ కంటి వెనక గోడ మీద ఎర్రటి చుక్కలున్నాయి. కుడి కంట్లో ఎక్కువ, ఎడమ కంట్లో రెండో మూడో. వాటివల్ల నీకిప్పుడు నొప్పీ లేదు, మసకా లేదు. అదే నాకు భయం. వాటిని తుడిచేసే మందు నా దగ్గర లేదు. నోరు కట్టుకుని, చెప్పినప్పుడల్లా వచ్చి చూపించుకుంటే ఎటు పోతున్నాయో కనిపెట్టి ఉండొచ్చు. కనపడటం మానేశాక వస్తే నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు."

"వస్తానండీ," అన్నాడాయన. మనస్ఫూర్తిగానే అన్నాడు. తలగుడ్డ కళ్ళ మీదికి లాక్కుని, భార్య చెయ్యి పట్టుకుని వెనక వాకిలి గుండా వెళ్ళిపోయాడు.

మంగళవారం ఏం జరిగిందో నాకు తెలియదు. బుధవారం పొద్దున ఆవిడ వచ్చాక తెలిసింది. ఈసారి వెనక వాకిలి కాదు. పదిమంది కూర్చున్న వరండా మధ్యలో నిలబడి పిలిచింది.

"కాంపౌండరు బాబూ, ఇట్టా బయటికి రండి!"

వచ్చాను.

"ఆదివారం సాయంత్రానికన్నారు. ఇవాళేం వారం? మా ఆయన ఇంట్లో చీకటి మూల కూచోనున్నాడు. గుమ్మం దాటితే కళ్ళల్లో సూదులు గుచ్చినట్టుందంట. నిన్న పెద్ద తోటలో తలెత్తి చూడబోతే ఆకాశం తప్ప ఏవీ కనపళ్ళేదు. కళ్ళెంట నీళ్ళు కారిపోతన్నయ్. షావుకారు దగ్గరికొచ్చి చూసి, ఏంటయ్యా కళ్ళు ఇంత నల్లగా ఉన్నయ్, ఏం వేయించుకున్నావని అందరి ముందూ అడిగాడు. నేను ముందు నడిచి చెప్పేదీ బయటపడిపోయింది. వేరే మనిషిని పిలిపించుకున్నారు. చాలా? చాలా బాబూ మీ పూచీ?"

"ఒక్కొక్క ఒళ్ళు ఒక్కో రకం..." అంటూ నీళ్ళు నమిలాను. అంత సిగ్గుమాలిన మాట నా జన్మలో మరొకటి అనలేదు. ఆవిడ నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి వెళ్ళిపోయింది. వరండాలో కూర్చున్నవాళ్ళలో ముగ్గురు మందు తీసుకోకుండానే ఆవిడ వెనకాలే లేచిపోయారు.

తరవాతి నెల శనివారానికి ఒక్కరంటే ఒక్కరు రాలేదు. కంటి డాక్టరుగారు నుసి కడుక్కున్నారు, మజ్జిగ తాగారు, ఖాళీ బెంచీ వంక చూస్తూ కూర్చున్నారు. ఆ ఆసుపత్రిలో చుక్కలేస్తే కాపు కనపడదని మాట ముసునూరు నుంచి నూజివీడు దాకా పాకిపోయింది.

మా డాక్టరుగారు రిజిస్టరు తెప్పించుకున్నారు. నేను అలవాటు ప్రకారం గీతలు గీసే ఉంచాను. ఆయన గీతల వెంట వేలు జరుపుకుంటూ వచ్చి, అంచనా కట్టే ఆయన పేరు దగ్గర ఆగారు.

"ఇతనిది కూడా అశ్రద్ధేనా?"

ఆయన లేచి అలమరా తీసి, అడుగంటిన సీసా ఎత్తి వెలుగులో పెట్టి చూశారు. పక్కన ఉన్న అట్రోపిన్ సీసా కూడా చూశారు. అప్పుడు చెప్పాను, మొత్తం చెప్పేశాను. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది.

"అతని పరువు ఎక్కడ పోయిందో అక్కడికే వెళ్ళి చెప్పు," అని కలం నా చేతికిచ్చారు. ఆ పేరుకి ఎదురుగా ఉన్న గీత కొట్టేసి, 'కాంపౌండరు మాట తప్పాడు' అని నా దస్తూరీతోనే రాశాను. ఇప్పుడు చెప్పుకోవడానికి నామోషీ లేదు.

వెళ్ళడానికి మూడు వారాలు పట్టింది. కొత్త సీసా బెజవాడ నుంచి రావాలి కదా అని నాకు నేను చెప్పుకున్నాను గానీ, అసలు సంగతి భయం. సీసా వచ్చాక ఇక సాకు లేకపోయింది. అప్పటికి కోతలు మొదలయ్యాయి.

పెద్ద తోటకి పొద్దున పది గంటలకి చేరాను. కర్రలకి చిక్కాలు కట్టి కాయలు కోసేవాళ్ళు చెట్ల మీద, గంపలు మోసేవాళ్ళు కింద, పాక నీడలో గడ్డి పరిచి సర్దుతున్న ఆడవాళ్ళు. షావుకారు మంచం మీద కూర్చుని ఉన్నాడు. గంపలు మోస్తున్నవాళ్ళలో ఆయన కనిపించాడు. బండి పంపి పిలిపించుకునే మనిషి, తలగుడ్డ చుట్ట మీద గంప పెట్టుకుని వస్తున్నాడు. నన్ను చూసి ఆగలేదు. నాకు తల తీసేసినట్టయింది.

షావుకారు ముందు నిలబడి, అందరికీ వినపడేట్టు చెప్పాను. "ఆ మంగళవారం ఆయన కళ్ళకి వచ్చిన తెగులేం లేదండీ. నేను వెయ్యాల్సిన మందు కాకుండా వేరే మందు వేశాను. అది వారం పది రోజులు ఉండేదిట. నాకు తెలియక వేశాను, తెలియదని ఒప్పుకోక దాచాను."

చిక్కాలు ఆగాయి. షావుకారు ఏలూరు మనిషి, లౌక్యుడు. "ఏవయ్యా కాంపౌండరూ, నువ్వు వేసింది తప్పుమందో ఒప్పుమందో మాకెట్టా తెలుసుద్ది? మనిషి చూపు తగ్గిందని ఊరంతా అంటంది. నీ మాట నమ్మి నేను వేలకివేల కాయ కొనాలా?" అన్నాడు.

జేబులోంచి కొత్త సీసా తీశాను. ముందుగా అనుకున్నదేమీ కాదు. నా మాట నమ్మడానికి ఎవరికీ కారణం లేదని ఆ క్షణంలో తెలిసింది, అంతే. తల వెనక్కి వాల్చి నా రెండు కళ్ళలోనూ నేనే చుక్కలు వేసుకున్నాను. "ఇదీ అసలు మందు. రేపు ఇదే వేళకి ఇక్కడికే వస్తాను. నా కళ్ళు మీరే చూద్దురు గాని," అన్నాను.

ఒక గంటలోపే తెలిసొచ్చింది. అప్పటిదాకా ఎందరి కళ్ళలోనో ఆ చుక్కలు వేశాను, నా కంట్లో ఎప్పుడూ వేసుకోలేదు. వైశాఖం ఎండ తెల్లటి గోడలా వచ్చి మీద పడింది. ఆకులు, కాయలు, మనుషులు అన్నీ అలుక్కుపోయాయి. తల ఎత్తబోతే నీళ్ళు ధారకట్టాయి. తడుముకుంటూ పాక వైపు నడుస్తుంటే ఎవరో నా చేతికి ఒక కర్ర కొస అందించారు. రెండో కొస పట్టుకుని నడిపించింది ఆవిడే. నీడలో కూర్చోబెట్టి, తడిగుడ్డ కళ్ళ మీద వేసింది.

"ఎట్టా ఉంది బాబూ?"

"మండుతోందమ్మా."

"మీకు పొద్దుగూకే దాకా. ఆయనకి పది రోజులు," అంది. కోపంగా అనలేదు. నాకు ఏడుపొచ్చింది. కళ్ళలో నీళ్ళు మందువల్లే అనుకుని ఉంటారు.

మర్నాడు పది గంటలకి మళ్ళీ వెళ్ళాను. వెలుగు ఓర్చుకోగలుగుతున్నాను, చెట్లు చెట్లలా ఉన్నాయి. కానీ జేబులో కాగితం తీసి చూస్తే దగ్గరి అక్షరాలు ఇంకా అలుక్కునే ఉన్నాయి. ఒక్క రోజని పూచీ పడినవాణ్ణి. మింగేద్దామనిపించింది. మింగలేదు. "దూరం బాగానే ఉందండీ. దగ్గర ఇంకా సర్దుకోలేదు. అసలు మందుకి కూడా రెండు రోజులు పడుతుంది. ఒక రోజని నేను చెప్పింది అబద్ధం," అన్నాను.

అంచనా కట్టే ఆయన గంప దించి మొదటిసారి నాతో మాట్లాడాడు. "ముందే అట్టా చెప్తే మా రోజులు మేం చూసుకుని వస్తాం గదండీ," అన్నాడు. అంత చిన్న మాట. రిజిస్టరు నిండా నేను గీసిన గీతలన్నిటికీ అదే జవాబు.

షావుకారుకి సరదా పుట్టింది. "దూరం బాగుందిగా? ఇదిగో, ఈ చెట్టు ఇంకా కొయ్యలేదు. ఎన్ని కాయలున్నయ్యో చెప్పు చూద్దాం!"

నేను చుట్టూ తిరిగి, వేళ్ళు మడిచి, నా తెలివంతా ఉపయోగించి చెప్పాను. "ఒక అయిదు వందలు."

ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. షావుకారు ఆయన వైపు తిరిగాడు. "నువ్వు?"

ఆయన వెంటనే కదల్లేదు. భార్య వంక చూశాడు. ఆవిడ గంప పక్కనే కూర్చుని ఉంది, లేవలేదు. ముందు నడవడానికి రానని తల అడ్డంగా ఊపింది. అప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని ఒంటరిగా చెట్టు కిందికి వెళ్ళాడు. నెల పైగా గంజి, కూరాకులు తిని ఉన్నాడు. అది ఆ రోజు నాకు తెలియదు, తరవాత ఆవిడ చెప్పింది. ఒక చుట్టు తిరిగాడు. ఆగి, తల పూర్తిగా వెనక్కి వాల్చి, చిటారు కొమ్మల్లోకి చూశాడు. రెండో చుట్టు తిరిగాడు. ఈ మనిషి తప్పు చెబితే, అది ఇక చుక్కల మందు మీదికి కూడా నెట్టడానికి ఉండదు.

"పదకొండు వందల ఇరవై," అన్నాడు. "కాకులు పొడిచినయ్ తీసేస్తే ఓ పది తగ్గుతయ్."

చెట్టు కోయించారు. పాక ముందు గోనెపట్టాల మీద కుప్పలు పోసి అందరూ చూస్తుండగా లెక్కపెట్టారు. పదకొండు వందల పధ్నాలుగు.

ముందు షావుకారు నవ్వాడు. "కళ్ళు పోయింది కాంపౌండరుకేనయ్యా!" అన్నాడు. తోటంతా నవ్వింది. నేనూ నవ్వాను. నా బతుకులో నన్ను చూసి అంతమంది నవ్వినందుకు అంత సంతోషించిన రోజు ఇంకొకటి లేదు. షావుకారు ఆయన్ని పిలిచి మంచం పక్కన కూర్చోబెట్టుకుని, పక్క తోట సంగతి అడగడం మొదలుపెట్టాడు. గంప అక్కడే నేల మీద ఉండిపోయింది.

తిరిగొచ్చేముందు ఆయనే చెప్పాడు, కళ్ళ డాక్టరు ఎప్పుడొస్తే మావాళ్ళు వస్తారో. పూత రాకముందు ఒకసారి, కోతలయ్యాక తొలకరికి ముందు ఒకసారి. ఆ రెండు వేళలా తోటలో కంటితో పని లేదు, పొలంలో నాట్లూ లేవు. రెండు రోజులు ఇంట్లో కూర్చున్నా ఎవరూ ఎందుకని అడగరు. మా డాక్టరుగారు క్యాలెండరు చూసి ఆరు నెలలకోసారి అన్నారు. ఆయన చెట్టు చూసి అదే లెక్క చెప్పాడు. కంటి డాక్టరుగారు మాత్రం తన శనివారాలు మార్చుకోవాల్సి వచ్చినందుకు కొంచెం సణిగారు. ఒక గంప రసాలు పంపితే సణుగుడు తగ్గింది.

'రాని కారణం' గడి అలాగే ఉంచాం. కానీ అందులో ఇక మనిషి చెప్పిన మాటే రాయాలి, నా మాట రాయకూడదు. ముఠాలో చోటు పోతుందని రాశాను. పిల్లలు నవ్వుతారని రాశాను. భయమని రాశాను. అలా రాస్తుంటే చాలావాటికి మందు దొరికింది. పంతులుగారికి సెలవుల్లో రోజు ఇచ్చాం. ఉంగుటూరు ముఠా అంతటికీ ఒకే రోజు ఇచ్చాం, ఎవరి చోటూ పోలేదు. అన్నిటికీ దొరకలేదు. కొందరు చివరిదాకా రాలేదు, వాళ్ళలో ఇద్దరు చూపు పోయాకే వచ్చారు.

ఆ ఏడు పూతకి ముందు శనివారం, పొద్దున్నే వెనక వాకిలి తీసి పెట్టాను. ఎవరూ రాలేదు. నీరసం వచ్చి ముందు గదిలోకి వస్తే, వరండాలో బెంచీ మీద, దారిన పోయేవాళ్ళందరికీ కనపడేట్టు ఆయన కూర్చుని ఉన్నాడు. పక్కన భార్య, ఆ పక్కన ముసునూరు నుంచి మరో అయిదుగురు.

చుక్క వెయ్యబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఏ సీసా అండీ?"

చదువు రాని మనిషికి సీసా మీది చీటీ చూపించి ఏం లాభం? ఆలోచించి, రెండు రోజుల మందు సీసా మెడకి ఆకుపచ్చ దారం కట్టాను. అట్రోపిన్‌కి ఎర్ర దారం. "పచ్చిగా ఉంటేనే మంచిదన్నమాట, గొట్టంలాగే," అన్నాడు. తల వెనక్కి వాల్చాడు.

చాలా ఏళ్ళు వచ్చాడు. కుడి కన్ను అయిదో ఏట దెబ్బతింది. లోపల రక్తం కారింది, దానికి ఆ రోజుల్లో చెయ్యగలిగింది లేదు. ఎడమ కన్ను నిలిచింది. తరవాత దానికి శుక్లం వస్తే వేళకి కనిపెట్టి, చక్కెర అదుపులో ఉంది కాబట్టి భయం లేకుండా బెజవాడలో ఆపరేషను చేయించారు. ఆ ఒక్క కంటితోనే తోటలు చూశాడు. ఒంటికన్నువాడని ఎవరూ పిలవడం మానలేదు. లెక్క తప్పితే కదా.

నా ఉద్యోగంలో ఆఖరి ఏడు ఆసుపత్రిలో కొత్త సీసాలు వచ్చాయి. రంగు మూతలు, పెద్దక్షరాల చీటీలు, దారాలతో పనే లేదు. ఆయన వచ్చాడు, అప్పటికి బాగా ముసలివాడు, మనవడి కొడుకు పెళ్ళికి కూడా ఉంటానన్నంత ధీమాగా ఉన్నాడు. చుక్క వెయ్యడానికి వంగితే, ఉన్న ఒక్క కన్నూ పెద్దది చేసి నా చేతిలోకి చూశాడు.

"పచ్చదారం ఏదండీ?"

ముప్ఫై ఏళ్ళ పరిచయం. నా మాట చాలదా అని ఒక్క క్షణం మనసు చివుక్కుమంది. మరుక్షణం అలమరా దగ్గరికి వెళ్ళి, పాత దారపు ఉండ వెతికి, సీసా మెడకి కట్టి తెచ్చి చూపించాను. అప్పుడు తల వెనక్కి వాల్చాడు.